ఎవరెస్ట్ దగ్గర మిగిలిపోయిన ఐదు సెకన్లు

మధ్యప్రదేశ్‌లో సిరోంజ్ దగ్గర కలియాన్‌పుర్ అనే ఊరుంది. ఉత్తరప్రదేశ్‌లో ముజఫర్‌నగర్ దగ్గర కలియానా అనే మరో ఊరుంది. రెండూ ఇంచుమించు ఒకే రేఖాంశం మీద ఉన్నాయి. ఈ రెండింటి అక్షాంశాల మధ్య తేడా ఎంత అన్న ప్రశ్నకు 1840ల నాటికి రెండు జవాబులు తేలాయి. నేలను కొలిచి లెక్క కడితే 5 డిగ్రీల 23 నిమిషాల 42.294 సెకన్లు వచ్చింది. నక్షత్రాలను చూసి లెక్క కడితే 5 డిగ్రీల 23 నిమిషాల 37.058 సెకన్లు వచ్చింది. తేడా 5.236 సెకన్లు. ఇవి గడియారపు సెకన్లు కావు, కోణపు సెకన్లు. డిగ్రీని 3600 భాగాలు చేస్తే అందులో ఒక భాగం. నేల మీద ఈ తేడా సుమారు 160 మీటర్లు అవుతుంది. ఆ రెండు ఊళ్ల మధ్య దూరం దాదాపు 600 కిలోమీటర్లు.

అంత దూరంలో ఆ మాత్రం తేడా రావడం ఘనకార్యమే అనుకుని ఇంకో సర్వేయరైతే సంతోషించి ఊరుకునేవాడు. కానీ ఆ కొలతలు తీయించినవాడు జార్జ్ ఎవరెస్ట్. అంగుళం తేడా వస్తే నిద్రపట్టని మనిషి. ప్రపంచంలో ఎత్తయిన శిఖరానికి ఆయన పేరు ఉంది కాబట్టి ఆయన పేరు తెలియనివారు లేరు. ఆ శిఖరాన్ని ఆయన చూసినట్టు ఆధారం లేదు, దాని ఎత్తు కొలిచిందీ ఆయన కాదు. గురుత్వాకర్షణ శాస్త్రంలో ఆయనకు నిజంగా దక్కాల్సిన చోటు ఆ శిఖరం దగ్గర కాదు, లెక్కలో మిగిలిపోయిన ఈ ఐదు సెకన్ల దగ్గర ఉంది.

ఆ రెండు పద్ధతుల సంగతి ముందు తెలుసుకోవాలి. నేల మీద కొలవడమంటే ఏడెనిమిది మైళ్ల పొడవున ఒక గీతను అతి జాగ్రత్తగా కొలిచి, దాని రెండు కొసల నుంచి దూరపు గుట్ట మీది గుర్తును చూసి కోణాలు తీసి, త్రిభుజం గీయడం. ఆ త్రిభుజం భుజం మీద ఇంకో త్రిభుజం, దాని మీద ఇంకోటి. అలా దేశం పొడవునా పోవచ్చు. మధ్యలో మళ్లీ నేల కొలవనక్కర్లేదు, కోణాలు చాలు. ఆకాశం పద్ధతి వేరు. నడినెత్తిన ఉన్న బిందువుకు ఒక నక్షత్రం ఎంత కోణంలో ఉందో చూస్తే మనం ఏ అక్షాంశం మీద ఉన్నామో తెలుస్తుంది. నడినెత్తి ఎక్కడుందో చెప్పేది మాత్రం దారానికి కట్టి వేలాడదీసిన గుండు. గోడ నిటారుగా ఉందో లేదో చూడటానికి తాపీమేస్త్రి వాడే గుండే అది. దారం ఏ దిక్కు చూపితే అదే నిలువు.

చిక్కంతా అక్కడే. గుండును లాగేది గురుత్వాకర్షణ. భూమి మొత్తం దాన్ని కిందికి లాగుతుంది, నిజమే. పక్కన పెద్ద కొండ ఉంటే అదీ తన వైపు లాగుతుంది. పదార్థం ప్రతి ఒక్కటీ ఇంకోదాన్ని లాగుతుందని న్యూటన్ 1687లో చెప్పిన సూత్రంలోనే ఈ మాట ఇమిడి ఉంది. ఫ్రెంచ్ శాస్త్రజ్ఞుడు బూగేర్ 1738లో దక్షిణ అమెరికాలోని చింబొరాజో పర్వతం దగ్గర దీన్ని పరీక్షించాడు. గుండు పక్కకు జరిగింది గానీ అంత పెద్ద కొండకు జరగాల్సినంత జరగలేదు. 1774లో మాస్కెలిన్ స్కాట్లాండ్‌లోని షిహాలియన్ కొండకు అటూ ఇటూ గుండు ఎంత వంగుతుందో కొలిచాడు. దాని నుంచే భూమి సగటు సాంద్రతను అంచనా కట్టారు. ఎవరెస్ట్ పుట్టేనాటికే ఇదంతా పుస్తకాల్లోకి ఎక్కిన విషయం.

ఆయన 1790 జులై 4న పుట్టాడు. వూలిచ్‌లోని సైనిక అకాడమీలో చదివి, 1806లో పదహారేళ్ల వయసులో ఈస్టిండియా కంపెనీ వారి బెంగాల్ ఆర్టిలరీలో చేరాడు. గణితం బాగా వచ్చినందువల్ల 1814లో జావా దీవి సర్వేకు పంపారు. అక్కడ రెండేళ్లు గడిచాక విలియం లాంబ్టన్‌కు సహాయకుడిగా నియమించారు. లాంబ్టన్ 1802 ఏప్రిల్‌లో మద్రాసు దగ్గర సెయింట్ థామస్ మౌంట్ పక్కన మొదటి గీత కొలిచి, కన్యాకుమారి నుంచి ఉత్తరంగా త్రిభుజాల గొలుసు అల్లుకుంటూ వస్తున్నాడు. అదే గ్రేట్ ఆర్క్, తెలుగులో మహాచాపం అనుకుందాం. ఎవరెస్ట్ 1818లో హైదరాబాద్ వచ్చి ఆయనను కలిశాడు. నెమ్మదస్తుడైన ముసలి లాంబ్టన్‌కూ, ముక్కుసూటి కోపిష్టి అయిన ఈ కుర్ర అధికారికీ స్వభావాల్లో పొంతన లేదు.

తొలి పని తెలుగు నేల మీదే పడింది. కృష్ణా, గోదావరి నదుల మధ్య అడవుల్లో త్రిభుజాలు వేసుకుంటూ పోవాలి. నిజాం ప్రభుత్వం ఇచ్చిన కాపలా సిపాయిలు దారిలో తిరగబడితే ఎవరెస్ట్ తుపాకులు ఎక్కుపెట్టించి లొంగదీసుకుని, కొరడా దెబ్బలు కొట్టించాడు. పని నేర్చుకున్నదీ ఆ అడవుల్లోనే. పగటి ఎండకు గాలి కదిలి దూరపు గుర్తులు కనపడని చోట, రాత్రి దీపం పెడితే వంగిన వెలుగు దారిన అది పైకి తేలి కనిపిస్తుందని గమనించాడు. తర్వాత ఉత్తరాదిన ఆయన సర్వే అంతా ఈ రాత్రి దీపాల మీదే నడిచింది. వానాకాలంలో మన్యపు జ్వరం బృందాన్ని పడగొట్టింది. ఆయన, డాక్టరూ భూగర్భ శాస్త్రజ్ఞుడూ అయిన హెన్రీ వాయిసీ, కూలీల్లో అత్యధికులు మంచాన పడ్డారు. హైదరాబాద్ నుంచి ఏనుగులూ పల్లకీలూ పంపి వాళ్లను తెప్పించాల్సి వచ్చింది. కూలీల్లో కొందరు దారిలోనే ప్రాణాలు వదిలారు. వాళ్ల పేర్లు ఏ త్రిభుజం మీదా లేవు.

ఆ జ్వరం ఎవరెస్ట్‌ను జీవితాంతం వదల్లేదు. గాలి మార్పు కోసం 1820లో ఆఫ్రికా దక్షిణ కొసన ఉన్న కేప్ ఆఫ్ గుడ్ హోప్‌కు పంపారు. విశ్రాంతికి వెళ్లిన మనిషి అక్కడా ఒక పాత లెక్కను పట్టుకున్నాడు. 1752లో లకాయ్ అనే ఫ్రెంచ్ ఖగోళ శాస్త్రజ్ఞుడు కేప్‌లో ఒక చాపాన్ని కొలిచాడు. ఆ కొలత ప్రకారం భూమి ధ్రువాల దగ్గర నొక్కుకుపోయి ఉండాల్సింది పోయి, దక్షిణార్ధగోళంలో కోసుగా సాగినట్టు తేలింది. డెబ్బై ఏళ్లుగా ఎవరికీ అంతుపట్టని చిక్కు అది. ఎవరెస్ట్ లకాయ్ నిలబడిన చోట్లకు వెళ్లి చూశాడు. ఒక కొసన టేబుల్ మౌంటెన్, ఇంకో కొసన పికెట్‌బర్గ్ కొండలు. లకాయ్ లెక్క తప్పలేదు, కొండలు గుండును పక్కకు లాగాయి అని ఎవరెస్ట్ తేల్చాడు. తర్వాత థామస్ మెక్లియర్ ఆ చాపాన్ని మళ్లీ కొలిచి ఎవరెస్ట్ అనుమానం సరైనదేనని నిరూపించాడు. అంటే గుండును కొండ మోసం చేస్తుందన్న సంగతి ఎవరెస్ట్‌కు ముప్పై ఏళ్ల వయసుకే స్వానుభవం. తర్వాతి కథకు ఇది గుర్తుండాలి.

ఆయన తిరిగొచ్చాక 1823 జనవరి 20న లాంబ్టన్ నాగపూర్ దారిలో హింగన్‌ఘాట్ వద్ద చనిపోయాడు. సర్వే పెత్తనం ఎవరెస్ట్ మీద పడింది. శరీరం మాత్రం సహకరించలేదు. కాళ్లూ చేతులూ పట్టు తప్పాయి. 1824లో సిరోంజ్ ప్రాంతంలో నక్షత్రాలను చూసేటప్పుడు ఇద్దరు మనుషులు ఆయనను ఎత్తి పరికరం ముందు కూర్చోబెట్టి, పని అయ్యాక మళ్లీ ఎత్తి దించేవారు. అలాగే సిరోంజ్ గీత కొలిచి, కలియాన్‌పుర్ దాకా చాపాన్ని తెచ్చి, 1825లో ఇంగ్లండ్ వెళ్లిపోయాడు. ఐదేళ్లు అక్కడే ఉన్నా ఊరికే కూర్చోలేదు. కొత్త పరికరాలు చేయించాడు. అప్పటిదాకా వచ్చిన కొలతలతో భూమి ఆకారానికి లెక్క కట్టి 1830లో అచ్చు వేయించాడు. ఎవరెస్ట్ గోళాభం అని పిలిచే ఆ ఆకారమే ఆధారంగా మన దేశపు టోపో షీట్లు 2005 మ్యాప్ విధానం వచ్చేదాకా తయారవుతూ వచ్చాయి.

1830లో సర్వేయర్ జనరల్ ఆఫ్ ఇండియాగా తిరిగొచ్చాడు. ఈసారి లాంబ్టన్ నాటి గొలుసులు లేవు. ఇత్తడీ ఇనుమూ జతచేసిన పదడుగుల కడ్డీలు తెచ్చాడు. ఎండకు రెండు లోహాలూ వేర్వేరుగా సాగుతాయి గనుక, వాటి మీద అమర్చిన రెండు చుక్కల మధ్య దూరం మాత్రం మారకుండా ఉంటుంది. వాటితో మొదట కలకత్తా దగ్గర, తర్వాత 1834-35లో డెహ్రాడూన్‌లో గీతలు కొలిచారు. గంగా యమునల మధ్య చదును నేల మీద గుట్టలు లేవు. పైగా చెట్లు, ఊళ్లు, వంట పొయ్యిల పొగ. అందుకని సుమారు 50 అడుగుల ఎత్తు బురుజులు కట్టించి వాటి మీదికి పరికరం ఎక్కించాడు. చూపు దారికి అడ్డొచ్చిన చెట్లు నరికించాడు, ఇళ్లూ కూల్పించాడు. పరిహారం ఇచ్చామని కంపెనీ కాగితాలు చెబుతాయి. పరాయివాడు తమ పెరటి మీదుగా గొట్టం పెట్టి చూస్తున్నాడని ఊళ్లవాళ్లు కోప్పడ్డారంటే తప్పు పట్టలేం. ఇది భూమి ఆకారం కోసం చేసిన సర్వే ఎంత నిజమో, పన్ను వసూలుకూ సైన్యం కదలికకూ పనికొచ్చే మ్యాపుల కోసం కంపెనీ డబ్బు పెట్టిన సర్వే అన్నదీ అంతే నిజం. ఎవరెస్ట్ మనసు మొదటిదాని మీద ఉంది, జీతం రెండోదాని నుంచి వచ్చింది.

ఆయన కోపానికి కింది అధికారులు హడలిపోయేవారు. నైపుణ్యం కనిపిస్తే మాత్రం జాతి చూడలేదు, కనీసం ఇద్దరి విషయంలో. 1831లో కలకత్తా హిందూ కళాశాల నుంచి వచ్చిన రాధానాథ్ సిక్దర్ లెక్కల్లో ఇంగ్లిష్ సహాయకులందర్నీ మించిపోయాడు. వేరే ఉద్యోగానికి పోతానంటే ఎవరెస్ట్ పోనివ్వలేదు. ఆర్కాటుకు చెందిన సయ్యద్ మీర్ మొహ్సిన్ హుసేన్, పరికరాలు బాగుచేసే పనిలో లండన్ నుంచి వచ్చిన నిపుణుడి స్థానాన్ని అందుకున్నాడు. అంతమాత్రాన కాలం మారిపోలేదు. 1843లో డెహ్రాడూన్ మేజిస్ట్రేట్ సర్వే కూలీలతో వెట్టి చేయించుకుంటుంటే రాధానాథ్ అడ్డుపడ్డాడు. కోర్టు ఆయనకే 200 రూపాయల జరిమానా వేసింది.

ముస్సోరి పక్కన హాథీపావ్ దగ్గర ఎవరెస్ట్‌కు ఇల్లుండేది. ఎదురుగా హిమాలయాలు. నిత్యం వాటిని చూస్తూ ఆయన తీసుకున్న నిర్ణయాల్లో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది ఇది: చాపానికి ఉత్తరపు కొసను డెహ్రాడూన్ కొండల్లో పెట్టలేదు. త్రిభుజాలు అక్కడిదాకా వెళ్లాయి గానీ, నక్షత్రాలు చూసి అక్షాంశం తేల్చే ఆఖరి స్థానాన్ని పర్వతాలకు దక్షిణంగా దాదాపు 60 మైళ్ల దూరంలో, మైదానంలోని కలియానాకు జరిపాడు. కేప్‌లో నేర్చుకున్న పాఠం అది. అంత దూరం వస్తే హిమాలయాల లాగుడు లెక్కలోకి రాదని ఆయన నమ్మకం.

తర్వాత పని అద్భుతంగా సాగింది. సిరోంజ్ గీత నుంచి త్రిభుజాల గుండా లెక్కకట్టిన డెహ్రాడూన్ గీత పొడవుకూ, నేల మీద నిజంగా కొలిచిన పొడవుకూ తేడా 7.2 అంగుళాలు. ఆ గీత పొడవు ఏడు మైళ్ల పైమాటే. ఆ కాస్త తప్పు వల్ల అక్షాంశంలో ఐదు సెకన్ల తేడా రాదు. ఇక ఆకాశం కొలతల కోసం రెండు పెద్ద ఖగోళ వృత్తాలు తెప్పించి, ఒక కొసన తానూ, ఇంకో కొసన ఆండ్రూ వా అనే సహాయకుడూ అవే నక్షత్రాలను అవే రాత్రులు చూసేలా ఏర్పాటు చేశాడు. కలియానా, కలియాన్‌పుర్, బీదర్ దగ్గరి దామరగిద్ద ఈ మూడు స్థానాలు. నేల కొలతలో లోపం లేదు, ఆకాశం కొలతలోనూ లేదు. అయినా 5.236 సెకన్లు మిగిలాయి.

గుండు ఉత్తరానికి, అంటే హిమాలయాల వైపు జరిగితే దారం పై కొస చూపే నడినెత్తి దక్షిణానికి జరుగుతుంది. నక్షత్రాల లెక్కలో కలియానా ఉన్నచోటు కంటే కాస్త దక్షిణంగా ఉన్నట్టు కనిపిస్తుంది. ఆకాశపు జవాబు నేల జవాబు కంటే చిన్నదిగా రావడం దీనికి సరిపోయింది. అంటే 60 మైళ్లు చాలలేదు. ఎవరెస్ట్ 1843 చివర్లో పదవీ విరమణ చేసి ఇంగ్లండ్ వెళ్లాడు. 1847లో తన కొలతలన్నిటినీ పెద్ద పుస్తకంగా వేశాడు. తేడాను దాచలేదు. దాని లోతుకూ దిగలేదు. ఆయనకు కావాల్సింది భూమి ఆకారం. ఈ శేషం ఆ లెక్కకు అడ్డం.

దాన్ని పట్టుకున్నవాడు కలకత్తాలో ఆర్చ్‌డీకన్‌గా ఉన్న జాన్ హెన్రీ ప్రాట్. క్రైస్తవ మతాధికారి, కేంబ్రిడ్జ్‌లో గణితం చదివినవాడు. హిమాలయాలు, వాటి వెనకున్న టిబెట్ పీఠభూమి ఎంత పదార్థమో అంచనా కట్టి, అది గుండును ఎంత లాగాలో ముక్కలు ముక్కలుగా లెక్కవేశాడు. కలియానా దగ్గర 27.853 సెకన్లు, కలియాన్‌పుర్ దగ్గర 11.968 సెకన్లు. రెంటి మధ్య తేడా 15.885 సెకన్లు. నిజంగా వచ్చిందేమో 5.236. అంటే కథ తలకిందులైంది. హిమాలయాలు లాగుతున్నాయని కాదు, లాగాల్సిన దాంట్లో మూడో వంతే లాగుతున్నాయని తేలింది. వందేళ్ల కిందట బూగేర్ చింబొరాజో దగ్గర చూసిందీ ఇదే తీరు.

ప్రాట్ పత్రం 1854 డిసెంబర్‌లో రాయల్ సొసైటీ ముందుకొచ్చింది. కొద్ది వారాల్లోనే గ్రీనిచ్ ఖగోళశాల అధిపతి జార్జ్ ఎయిరీ జవాబు రాశాడు. ఇందులో ఆశ్చర్యపోయేది లేదన్నాడు. నీటి మీద దుంగలు తేలుతున్నాయనుకోండి. ఒక దుంగ పక్కవాటి కంటే ఎత్తుగా పైకి కనిపిస్తే, నీటి లోపలా అది అంత లోతుగా దిగి ఉండాలి. పర్వతాలూ అంతే. పైన కనిపించే బరువుకు సరిపడా, కింద బరువైన శిలను తొలగించి తేలికైన శిల వేరులా దిగి ఉంటుంది. పైన ఎక్కువైన పదార్థం గుండును లాగుతుంది, కింద తక్కువైన పదార్థం ఆ లాగుడును చాలావరకు రద్దు చేస్తుంది. 1859లో ప్రాట్ మరో వివరణ ఇచ్చాడు: వేళ్లు అక్కర్లేదు, ఎత్తయిన చోట శిల పొంగిన పిండిలా తేలికగా ఉంటే చాలు. ఈ తూకానికి 1889లో అమెరికన్ భూగర్భ శాస్త్రజ్ఞుడు డటన్ ఐసోస్టసీ అని పేరు పెట్టాడు. ఇద్దరిలోనూ కొంత నిజం ఉంది. హిమాలయాల వరకు ఎయిరీ మాటే దగ్గర. టిబెట్ కింద భూపటలం మందం 70 కిలోమీటర్ల దాకా ఉంటుందని భూకంప తరంగాలు చూపించాయి. భారత మైదానాల కింద అది ఇంచుమించు అందులో సగం.

భూమి లోపలికి తవ్వకుండా, ఒక దారం, ఒక గుండు, కొన్ని నక్షత్రాలతో పర్వతాల పునాది ఇలా బయటపడింది. అది కనిపించాలంటే మొదట 600 కిలోమీటర్లను అతి జాగ్రత్తగా కొలిచిన మొండివాడు ఒకడు ఉండాలి. లాంబ్టన్ గొలుసులతోనే కొలిచి ఉంటే ఈ ఐదు సెకన్లు పరికరాల తప్పుల్లో కలిసిపోయి ఉండేవేమో.

శిఖరం సంగతికి వస్తే, అది ఎవరెస్ట్ వెళ్లిపోయాక జరిగింది. ఆయన తర్వాత సర్వేయర్ జనరల్ అయిన ఆండ్రూ వా కాలంలో బిహార్ మైదానాల నుంచి, వంద మైళ్లకు పైగా దూరం నుంచి, నేపాల్ సరిహద్దు శిఖరాలకు కోణాలు తీశారు. వాటిలో పదిహేనో నంబరు శిఖరం అన్నిటికంటే ఎత్తని 1852 ప్రాంతంలో తేలింది. అప్పటికి సర్వే లెక్కల విభాగానికి పెద్ద రాధానాథ్ సిక్దరే. ఆ లెక్కలో ఆయన పాలు ఎంతన్నది ఇప్పటికీ వాదమే గానీ, ఆ పద్ధతులు తయారు చేసినవారిలో ఆయన ముందున్నాడన్నది కాదనలేం. 1856లో 29,002 అడుగులని ప్రకటిస్తూ వా దానికి తన గురువు పేరు సూచించాడు. స్థానిక పేర్లుంటే అవే వాడాలన్నది ఎవరెస్ట్ కాలం నుంచి సర్వే పాటించిన నియమం. టిబెట్‌లో చోమోలుంగ్మా అన్న పేరు ఉంది. తన పేరును హిందీ, పారశీక లిపుల్లో రాయలేరనీ, ఇక్కడివాళ్లు పలకలేరనీ ఎవరెస్ట్ స్వయంగా అభ్యంతరం చెప్పాడు. వినలేదు, 1865లో రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ ఆ పేరునే ఖాయం చేసింది. ఆయన భయపడింది ఒకరకంగా జరిగింది, కాకపోతే ఇంగ్లిష్‌వాళ్ల నోట్లో. ఆ ఇంటివాళ్లు తమ పేరును ఈవ్‌రెస్ట్ అనేవారు. ప్రపంచమంతా ఎవరెస్ట్ అంటోంది.

ఇంగ్లండ్‌లో ఆయన 1846లో, 56 ఏళ్ల వయసులో ఎమ్మా వింగ్‌ను పెళ్లాడాడు. ఆరుగురు పిల్లలు పుట్టారు. 1861లో సర్ బిరుదు వచ్చింది. 1866 డిసెంబర్ 1న లండన్‌లో చనిపోయాడు. హోవ్‌లోని సెయింట్ ఆండ్రూస్ చర్చిలో పూడ్చిపెట్టారు.

అప్పటికే భారతదేశంలో గుండు బదులు లోలకాలు ఊగుతున్నాయి. గురుత్వాకర్షణ తగ్గిన చోట లోలకం నెమ్మదిస్తుంది. సర్వేకు చెందిన కెప్టెన్ జేమ్స్ బసేవీ 1865 నుంచి ఆ లోలకాలను ఒక్కో స్థానానికీ మోసుకెళ్లి ఊపులు లెక్కపెట్టించాడు. చివరికి వాటిని లడఖ్‌లో 15 వేల అడుగులకు పైన ఉన్న మోరే మైదానానికి చేర్చాడు. ఎత్తుకు తగిన సవరణలన్నీ చేశాక కూడా అక్కడ గురుత్వాకర్షణ ఉండాల్సినదాని కంటే తక్కువగానే ఉందని ఆ అంకెలు చూపాయి. బసేవీ ఆ చలిలో, ఆ పలచటి గాలిలో, 1871 జులై 17న పని మధ్యలోనే కన్నుమూశాడు.